మోకాలు ఆటకి పనికిరాదన్నారు, వయసు 23. పిల్లల ఫుట్‌బాల్ కోచింగ్‌లోకి ఎట్ల రావాల? (అనంతపురం)

అనంత_లెఫ్ట్‌వింగ్ (ప్రశ్న)

అన్నలకి నమస్కారం. అడిగేది మా తమ్ముడి గురించి. డిగ్రీ అయిపోయింది. జిల్లాకి, యూనివర్సిటీకి ఆడినాడు. కుడి మోకాలి ఏసీఎల్ (ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్) రెండోసారి తెగింది, లోపలి పక్క మెనిస్కస్ (ఎముకల నడుమ ఉండే మెత్త) చానా వరకు తీసేసినారు. నడక, సైకిలు, ఈత పర్వాలేదు, మెలిక తిరిగే ఆట ఇంగ వద్దు అని డాక్టరు రాసిచ్చినాడు. ఇంకోచోట చూపిస్తే వాళ్లూ అదే మాట.

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఒక మూలన 10 నుంచి 12 ఏళ్ల పిల్లోళ్లు 24 మంది పొద్దున 6 నుంచి 7:15 దాకా వస్తారు. ఇప్పుడు నేర్పే సీనియర్‌కి ఉద్యోగం వచ్చి పోతాండాడు, మావాణ్ణి చూసుకోమంటాండాడు. బంతులు 5 ఉండాయి. గోల్‌పోస్టులు ఇనప పైపుతో వెల్డింగ్ చేయించినవి, యాడికి కావాలంటే ఆడికి మోసుకుపోవచ్చు.

తెలుసుకోవాల్సింది ఇది: ముందు కోచింగ్ లైసెన్సు చెయ్యాల్నా, పీఈటీ (స్కూల్లో ఆటల టీచరు) లైన్‌లోకి పోవాల్నా? పరిగెత్తకుండా, కొట్టి చూపించకుండా పిల్లోళ్లకి నేర్పేది అయ్యే పనేనా? ఆ మోకాలికి ఏం జాగ్రత్త?

పీఈటీ_కడప

లైసెన్సు, పీఈటీ ఉద్యోగం రెండూ వేరే దారులు తమ్ముడూ. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే వస్తుందని మన దగ్గర చానామంది అనుకుంటారు, రాదు.

లైసెన్సు ఇచ్చేది ఏఐఎఫ్‌ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య). అన్నిటికన్నా కింద 'ఈ' (E) సర్టిఫికెట్, తరవాత డి, సి, బి, ఏ, అన్నిటికన్నా పైన ప్రో. మామూలుగా ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు ఎక్కనియ్యరు. పైకి పోయేకొద్దీ నడుమ ఇన్నాళ్లు ఫలానా జట్టుకు కోచింగ్ చేసినానని చూపించాల్సి వస్తుంది. అందుకని ఇప్పట్నుంచే ఒక రిజిస్టర్ పెట్టమను: తేదీ, ఎంతమంది వచ్చినారు, ఆ రోజు ఏం నేర్పినాడు. తరవాత కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే అన్ని పేజీలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో తెలిసిపోతాయి. కోర్సుల తేదీలు ఏఐఎఫ్‌ఎఫ్ సైట్‌లో, రాష్ట్ర అసోసియేషన్ దగ్గర చూస్తా ఉండాల. సీట్లు తక్కువ, తొందరగా నిండిపోతాయి.

కోర్సుకి పోయేముందు ఒక సంగతి తెలిసుండాల. ప్రాక్టికల్‌లో ఒకరు సెషన్ నడుపుతా ఉంటే, మిగతా అభ్యర్థులే ఆటగాళ్లుగా దిగాల. అంటే రోజూ గంటలకొద్దీ ఆట. "కోచ్ కోర్సుకి పోతాండా, ఆడేదానికి కాదుగదా" అనుకుని పోతే మొదటి రోజే మోకాలు వాస్తుంది. దరఖాస్తు పెట్టేటప్పుడే డాక్టరు చీటీ జతచేసి, అక్కడికి పోయినాక ఇన్‌స్ట్రక్టర్‌తో ముందే మాట్లాడమను. గ్రిడ్ (ఆట కోసం గీసిన చదరం) బయట నిలబడి బంతి అందించే సర్వర్ పని అడిగితే సరిపోతుంది. గోలీగా (గోల్‌కీపర్‌గా) నిలబడతానని మాత్రం అననీయొద్దు. డైవ్ కొట్టి లేచేటప్పుడు మోకాలు మెలిక పడేది అక్కడే.

పీఈటీ సంగతి. దానికి చదవాల్సిన కోర్సులు ఇంటర్ మీద యూజీ డీపీఈడీ, డిగ్రీ మీద బీపీఈడీ, రెండిటికీ పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాల. అందులో పరుగు, గుండు విసరడం, జంప్ ఉంటాయి. లాంగ్ జంపో హై జంపో చేసి దిగేటప్పుడు ఆ మోకాలు ఆగదు. రెండేళ్ల కోర్సు కోసం, మార్కుల కోసం ఆ పరీక్షకి దింపితే మూడో ఆపరేషన్‌కి దారి చేసినట్టే. పాటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమాకి కూడా మైదానం పరీక్ష ఉంటుంది. కాబట్టి మీవాడికి లైసెన్సు దారే దారి.

డబ్బు సంగతి దాచేదేం లేదు, మొదటి ఏడాది దాంతో ఇల్లు గడవదు. ప్రైవేటు స్కూళ్లు సాయంత్రం గంట లెక్కన పెట్టుకుంటాయి. వేసవిలో డీఎస్‌ఏ (జిల్లా క్రీడా సంస్థ) వాళ్లు శిక్షణ శిబిరాలు పెడతారు, గౌరవ వేతనం చిన్నదే కానీ జిల్లాలో పీడీలందరికీ (ఆటల టీచర్లకి) మొహం తెలుస్తుంది, మనకి కావాల్సింది అదే. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా కేంద్రాలకి మాజీ క్రీడాకారులను కోచ్‌లుగా తీసుకునే నోటిఫికేషన్లు పడతా ఉంటాయి. వాటికి ఆడినప్పటి సర్టిఫికెట్లే ముఖ్యం. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్), ఇంటర్ యూనివర్సిటీ కాగితాలు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటే తీసి లామినేషన్ లేకుండా ఫైల్‌లో పెట్టండి. లామినేట్ చేసిన ఒరిజినల్ మీద వెరిఫికేషన్ ముద్ర వెయ్యలేమని వెనక్కి పంపే ఆఫీసులు ఉండాయి.

ఊర్లోనే ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ స్పోర్ట్స్ విలేజ్ పెట్టుకుని వేరే ఊళ్ల వైపు చూడాల్సిన పనిలేదు. అక్కడ ఫుట్‌బాల్‌కి రెసిడెన్షియల్ అకాడమీ ఉంది, స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ వాళ్ల లా లీగా ఫౌండేషన్‌తో కలిసి పనిచేసిన చోటు. ఉద్యోగం అడగక ముందు ఒక వారం పోయి బయట కూర్చుని సెషన్లు చూడనిస్తారా అని అడగమను.

చిప్ప_కింద (ఫిజియో, కర్నూలు)

మోకాలి సంగతి నేను చెప్తాను. మెనిస్కస్ లేని చోట ఎముక చివర మృదులాస్థి మీదే బరువంతా పడుతుంది. ఏసీఎల్ లేకపోతే కాలు నేలకి ఆని ఉన్నప్పుడు పైన శరీరం తిరిగితే మోకాలు జారుతుంది. ఈ రెండు మాటలు గుర్తుంటే ఏది చెయ్యొచ్చో ఏది కూడదో మీకే తెలిసిపోతుంది.

అందరూ తప్పు పట్టుకునేది ఇక్కడే. దెబ్బ తిన్నది కుడి మోకాలు కదా, ఎడమ కాలితో కొట్టి చూపిస్తే ఏం అనుకుంటారు. ఎడమ కాలితో గట్టిగా కొట్టేటప్పుడు నేలకి ఆని ఉండేది కుడి కాలే, ఒళ్ళంతా తిరిగేది దాని మీదే. అందులోనూ బూటు అడుగున ఉండే స్టడ్స్ (మేకుల్లాంటివి) నేలలో దిగబడి ఉంటే పాదం తిరగదు, మోకాలే తిరుగుతుంది. కాబట్టి ఏ కాలితోనూ షాట్ వద్దు. పది మీటర్ల మెత్తటి పాస్, నిలబడి, లోపలి పక్కతో, అంతే. స్టడ్స్ బూట్లు ఇంట్లో వదిలేసి అడుగు చదునుగా ఉండే టర్ఫ్ షూనో మామూలు రన్నింగ్ షూనో వేసుకోవాలి.

రెండో తప్పు, ఒక పిల్లవాడు తగ్గాడని తనే ఆటలో దిగడం. ఈ ఒక్క పని మానేస్తే సగం ప్రమాదం తప్పినట్టే. పన్నెండేళ్ల వాడు అడ్డం వచ్చినప్పుడు పాత ఆటగాడి ఒళ్లు ఆలోచించదు, కట్ చేస్తుంది (ఉన్నట్టుండి పక్కకి తిరుగుతుంది). అది అలవాటు, మనసుతో ఆగదు.

మూడోది గ్రౌండ్ కూడా కాదు, బండి. కిక్ కొట్టి స్టార్ట్ చేసే పాత బండి ఉంటే కుడి కాలితో రోజూ కిక్ కొట్టడం ఆపాలి. సెల్ఫ్ లేకపోతే బాగు చేయించుకోండి.

కోన్లు పెట్టడానికి గొంతుక్కూర్చోవద్దు. పూర్తిగా మడిచిన మోకాలి మీద బరువు పడటం ఇప్పుడు అసలు పనికిరాదు. పిల్లలతోనే పెట్టించండి, అడుగులు కొలవడం వాళ్లకీ వస్తుంది.

వాపు తెలుసుకోడానికి దర్జీ టేపు చాలు. పొద్దున మంచం దిగకముందు కాలు చాపి, చిప్ప సరిగ్గా మధ్యలో చుట్టు కొలత రాసి పెట్టుకోవాలి. సెషన్ అయిన మర్నాడు పొద్దున మళ్ళీ కొలిస్తే ఒక సెంటీమీటరు పైన పెరిగి ఉంటే ఆ రోజు నిలబడే సమయం సగం చేయాలి. గ్రౌండ్‌లో ప్లాస్టిక్ స్టూలు ఒకటి ఉంచుకోండి, కోచ్ కూర్చుంటే పరువు పోదు. సెషన్‌కి ముందు నొప్పి మాత్ర మాత్రం వేసుకోవద్దు. నొప్పి ఆగితే ఆగాల్సిన చోట మనిషి ఆగడు.

వ్యాయామం మానేస్తే తొడ ముందు కండ కరిగిపోతుంది, అప్పుడు నడకకే ఇబ్బంది. వారానికి మూడు రోజులు: కాలు చాపి పైకెత్తడం 12 చొప్పున మూడు సార్లు, గోడకి ఆని సగం వరకు మాత్రమే కూర్చోవడం 20 సెకన్లు చొప్పున ఐదు సార్లు, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే బ్రిడ్జ్ 12 చొప్పున మూడు, సైకిల్ 20 నిమిషాలు. నొప్పి పదికి మూడు దాటితే ఆపాలి. మీ తమ్ముణ్ణి చూసిన ఫిజియో ఇంకోలా చెప్పి ఉంటే వాళ్ల మాటే వినండి, నేను కాలు చూడలేదు.

గరుసు_నేల

కొట్టి చూపించలేకపోతే నేర్పలేమనేది మన గ్రౌండ్లలో పాతుకుపోయిన మాట. చెప్పాలంటే బాగా ఆడినోడే పిల్లోళ్లకి తొందరగా విసుగు తెప్పిస్తాడు, ఎందుకంటే సగం సెషన్ వాని ప్రదర్శనే.

లెక్క చూడప్పా. 24 మందిని ఒక లైన్‌లో నిలబెట్టి, ఒక్కొక్కరు వచ్చి షాట్ కొట్టి పోయేది. ఒకరికి 10 సెకన్లు అనుకో. లైన్ మళ్ళీ తిరిగొచ్చేదానికి 4 నిమిషాలు. 20 నిమిషాలు చేయిస్తే ఒక్కో పిల్లోడు బంతిని తాకేది ఐదు సార్లు. మిగతా సేపు ఎనకాలోడి చెవి పీకుతా ఉంటాడు. తరవాత కోచ్ "క్రమశిక్షణ లేదు" అని అరుస్తాడు.

మీ 24 మందికి, 5 బంతులకి ఇట్ల కుదురుతుంది. మొదట 15 నిమిషాలు ఫిఫా వాళ్ల 11 ప్లస్ కిడ్స్. అది 7 నుంచి 13 ఏళ్ల పిల్లోళ్ల కోసం చేసిన వార్మప్, ఒంటికాలి మీద నిలబడేది, ఎగిరి మెత్తగా దిగేది, పడేటప్పుడు దొర్లేది అన్నీ ఉంటాయి. రెండో వారానికి పిల్లోళ్లే ఒకరు ముందుండి నడిపేస్తారు. తరవాత 15 నిమిషాలు రోండో: ఐదుగురు చొప్పున నాలుగు గుంపులు, నలుగురిది ఒక గుంపు, మొత్తం ఐదు బంతులూ పనిలో ఉంటాయి. 8 మీటర్ల చదరం, మధ్యలో ఒకడు, వానికి దొరక్కుండా చుట్టూ ఉండేవాళ్లు పాస్ చేసుకోవాల. బంతి మరీ తొందరగా పోతాంటే 10 చెయ్యి, మధ్యలోనోనికి దొరకనే దొరకదంటే 7 చెయ్యి. చదరం పెద్దది చిన్నది చేసేదే కోచింగ్, దానికి మోకాలితో పనిలేదు.

ఆపైన 35 నిమిషాలు నలుగురికి నలుగురు. మూడు చిన్న పిచ్‌లు పక్కపక్కన, ఒక్కోటి 25 మీటర్ల పొడవు, 15 వెడల్పు, నడుమ 3 మీటర్ల సందు. మొత్తం 51 మీటర్ల పొడుగు, 25 వెడల్పు, క్రికెట్ వాళ్లు వదిలిన మూలలోనే పడుతుంది. గోలీలు వద్దు, కోన్లతో 2 మీటర్ల గోల్. ఇటుకరాళ్లు గోల్‌గా పెట్టొద్దు, కాలివేలు పోతుంది. 6 నిమిషాల ఆటలు ఐదు. గెలిచినోళ్లు ఒక పిచ్ కుడికి, ఓడినోళ్లు ఒక పిచ్ ఎడమకి. రెండు రోజుల్లో సమానమైనోళ్లు సమానమైనోళ్లతో పడతారు, కోచ్ జట్లు పంచే గోలే ఉండదు. రెండు బంతులు చేతికింద ఉంచుకో. బయటికి పోయినదాని కోసం ముగ్గురు పరిగెత్తకుండా ఇంకోటి లోపలికి వేసేయొచ్చు. కోచ్ పొడుగు వైపు గీత బయట నడుస్తా ఉంటే మూడు పిచ్‌లూ కనపడతాయి.

మాట్లాడేది తక్కువ. ఆ రోజు ఒకే విషయం, ఉదాహరణకి "బంతి వచ్చేలోపు భుజం మీదుగా ఎనక్కి చూడు". ఆట నడుస్తా ఉండగా ఒక పిల్లోడు అది సరిగ్గా చేస్తే, ఆట ఆపి వాణ్ణే మళ్ళీ చేసి చూపించమను. పెద్దోడు చూపిస్తే "సార్‌కి వస్తుందిలే" అనుకుంటారు, పక్క వీధోడు చేస్తే నాకెందుకు రాదు అని పట్టుకుంటారు. ఇంగ "పాస్! పాస్! కొట్టు!" అని బయట్నుంచి అరిచేది మానాల. మాజీ ఆటగాళ్లకి ఇది చానా కష్టం. వానికి ముందే కనపడుతుంది, నోరాగదు. అరిస్తే పాస్ పోతుంది కానీ చూసి నిర్ణయం తీసుకున్నది కోచ్, పిల్లోడు కాదు.

బంతి సైజు 4 ఉండాల ఈ వయసుకి. 5 సైజు పెద్దోళ్లది, 410 నుంచి 450 గ్రాములు, దాంతో పదేళ్లోడు లోపలి పక్కతో కొట్టలేక బొటనవేలితో పొడవడం నేర్చుకుంటాడు. గాలి రూల్ ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్‌ఐ, పిల్లోళ్లకి కింది అంకె దగ్గరే ఉంచు. మన గరుసు నేల మీద గట్టి బంతి మోకాలెత్తు ఎగురుతుంది, నేల మీద పాస్ రానే రాదు. పంపు సూదిని తడి చేయకుండా దించితే వాల్వ్ చినిగిపోతుంది, అప్పుడు రోజూ గాలి కొట్టాల్సిందే. ఇంకోటి పల్లేరుకాయలు. వాన పడిన నెల్లాళ్లకి గ్రౌండ్ అంచుల్లో పాకుతుంది. కాయ ఎండకముందే పీకేయాల, ఎండితే ముల్లు బంతికీ, బూటు అడుగుకీ, చేతికీ గుచ్చుకుంటుంది.

గీతలకి సున్నం వద్దు, ముగ్గుపిండి వాడండి. చెమట తడికి సున్నం చర్మం కాలుస్తుంది, కంట్లో పడితే ఇంగ చెప్పనక్కర్లేదు.

అనంత_లెఫ్ట్‌వింగ్

అందరికీ థాంక్స్. పీఈసెట్‌లో జంప్ సంగతి మా మైండ్‌లోకే రాలేదు. ఇద్దరు పిల్లోళ్లు చిప్ప కింద నొప్పి అంటాండారంట, గుంజీలు తీయిస్తే పోతుందని సీనియర్ అంటాండాడు. నిజమేనా?

చిప్ప_కింద (ఫిజియో, కర్నూలు)

గుంజీలు ఆపండి. చిప్పకి రెండు మూడు వేళ్ల కింద, ఎముక మీద బుడిపెలా ఉండి, నొక్కితే నొప్పి అంటే చాలావరకు ఆస్‌గుడ్ ష్లాటర్. 10 నుంచి 15 ఏళ్ల మధ్య పొడవు పెరిగేటప్పుడు తొడ కండ ఎముకని లాగడం వల్ల వస్తుంది. గట్టి నేల, ఎక్కువ జంపులు దాన్ని పెంచుతాయి. పూర్తిగా ఆట మాన్పించాల్సిన పని లేదు, జంపులు, షాట్లు తగ్గించి, అయ్యాక ఐస్ 10 నిమిషాలు గుడ్డలో చుట్టి పెట్టాలి. మడమ వెనక నొప్పి అంటే సీవర్స్, అదీ ఇలాంటిదే. రాత్రి నిద్రలో నొప్పి లేస్తున్నా, వాపు ఉన్నా, కుంటుతున్నా ఎక్స్‌రేకి పంపాలి, కోచ్ చూసి తేల్చేది కాదు.

విజిల్_ఊదొద్దు

పీఈటీ అన్న చెప్పిన వరసతో నేను పూర్తిగా ఒప్పుకోను. లైసెన్సు ముందు కాదు. మూడు నెలలు ఆ పిల్లలతో చేసి, తన సెషన్లు ఎక్కడ చెడిపోతున్నాయో తెలిశాక కోర్సుకి పోతే అక్కడ అడగడానికి ప్రశ్నలుంటాయి. ఖాళీ బుర్రతో పోతే నోట్‌బుక్ నిండుతుంది, అంతే.

పరిగెత్తలేని వాళ్లకి మ్యాచ్ చూసి రాయడం మంచి మొదటి పని. జర్మనీ కోచ్ జూలియన్ నాగెల్స్‌మాన్ మోకాలు పోయి 20 ఏళ్లకే ఆట ఆపేశాడు, ఆగ్స్‌బర్గ్ క్లబ్‌లో అతనికి దొరికిన మొదటి పని ప్రత్యర్థుల మ్యాచ్‌లు చూసి రాయడం. ఆ పని ఇచ్చిన కోచ్ థామస్ టుచెల్ కూడా మోకాలి వల్ల పాతికేళ్లకే ఆట మానిన మనిషే. ఇద్దరూ తరవాత పిల్లల జట్ల నుంచే పైకి వచ్చారు. ఇంగ్లండ్ ఆటగాడు ర్యాన్ మేసన్‌కి 2017 జనవరిలో తలకి తల తగిలి పుర్రె చిట్లింది, 2018 ఫిబ్రవరిలో 26 ఏళ్లకి ఆపేసి టాటెన్‌హామ్ క్లబ్‌లో కుర్రాళ్ల కోచ్‌గా చేరాడు. మీ తమ్ముడు ఎస్‌జీఎఫ్ అండర్ 14 మ్యాచ్ ఒకటి చూసి ఒకే ఒక్క లెక్క రాయమనండి: బంతి పోయిన ప్రతిసారీ మైదానాన్ని మూడు ముక్కలుగా గీసి ఏ ముక్కలో పోయిందో ఒక చుక్క. హాఫ్ టైమ్‌కే చుక్కలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో కనిపిస్తుంది. మర్నాటి సెషన్ అక్కడినుంచే.

తల సంగతి వచ్చింది కాబట్టి, ఈ వయసుకి హెడింగ్ (తలతో బంతి కొట్టడం) ప్రాక్టీస్ పెట్టొద్దు. అమెరికాలో 10 ఏళ్లు, అంతకన్నా చిన్నవాళ్లకి ఆపేశారు, ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ పిల్లల శిక్షణలో వద్దన్నారు. తల తిరుగుతుంది, వాంతి వస్తోంది అన్న పిల్లవాణ్ణి ఆ రోజు మళ్ళీ దింపేది లేదు, ఆసుపత్రికే.

ఇప్పుడు ప్రశ్నలో ఒక మాట చదివి ఉలిక్కిపడ్డాను. మోసుకుపోయే ఇనప గోల్‌పోస్టులు. పిల్లలు పై పైపు పట్టుకుని ఊగుతారు, పోస్టు ముందుకి పడుతుంది, తల మీద పడితే ప్రాణమే పోతుంది. ప్రపంచమంతా పిల్లలు చనిపోయిన పద్ధతి ఇదే. వెనక అడ్డపైపు మీద ఇసక బస్తాలు, ఒక్కో పోస్టుకి రెండు చివర్లా ఒకటి, మధ్యలో ఒకటి, కట్టి ఉంచాలి. ఊపి చూసి కదలకపోతేనే ఆట. సెషన్ అయ్యాక పోస్టులు బోర్లా పడేసి గొలుసు వేయాలి, ఎందుకంటే సాయంత్రం వచ్చే పిల్లలు మీ పిల్లలు కాదు.

మిగతావి చకచకా. గుండె ఆగితే చేసే సీపీఆర్ నేర్చుకోవాలి: ముందు ఒకరితో 108కి ఫోన్, రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 30 నొక్కులకి 2 ఊపిరులు. పిల్లలకి ఛాతీ లోతులో మూడో వంతు దిగాలి. మే నెలలో 5:30కే మొదలుపెట్టి 6:45కి ముగించాలి, పావుగంటకోసారి నీళ్లు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకి ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడు, కళ్లతో అంచనా వేయొద్దు.

ఇంకోటి, మగ కోచ్‌లు తేలిగ్గా తీసుకునేది. ఏ పిల్లతోగానీ పిల్లవాడితోగానీ ఒంటరిగా గదిలో ఉండటం, బండి మీద ఒక్కరినే దింపడం, విడిగా రాత్రిపూట మెసేజ్‌లు, ఏదీ వద్దు. తల్లిదండ్రులు కూడా ఉన్న ఒకే గ్రూపులో మాట్లాడాలి. పిల్లలెవరైనా లైంగిక వేధింపు గురించి చెప్తే, పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పడం తప్పనిసరి, "ఇంట్లో మాట్లాడుకుందాం" అనడం కుదరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

అనంత_లెఫ్ట్‌వింగ్

పోస్టులకి ఇసక బస్తాలు రేపు పొద్దునే. సిమెంటు సంచులు సరిపోతాయా, లేక వేరేవి కొనాల్నా?

గరుసు_నేల

సిమెంటు సంచి ఎండకి తొందరగా చినిగిపోతుంది, ఇసకంతా కారిపోయి ఖాళీ సంచి కట్టి ఉంటుంది, ఎవరూ చూడరు. యూరియా సంచులు రెండు ఒకదాంట్లో ఒకటి పెట్టి, ముప్పావు వంతు నింపి, మూతి మడిచి ట్వైన్ దారంతో కుట్టేయండి. నిండా నింపితే పైపు మీద కూర్చోదు, దొర్లిపోతుంది.